నిలిచిపోయిన డకోటాను మళ్లీ గాల్లోకి లేపాలంటే

1945లో నిజాం ప్రభుత్వం, టాటాలు కలిసి పెట్టిన దక్కన్ ఎయిర్‌వేస్ బేగంపేట నుంచి నడిపినవి డగ్లస్ డీసీ-3 విమానాలు. మన దేశపు తొలి మహిళా కమర్షియల్ పైలట్ ప్రేమ్ మాథుర్‌కు ఉద్యోగం ఇచ్చింది ఆ సంస్థే. 1953లో జాతీయం చేశాక అది ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. ఆ డీసీ-3కీ, దాని సైనిక రూపమైన సీ-47కీ మన పెద్దవాళ్ల నోట ఒకటే పేరు: డకోటా. తోక నేలకు ఆనించి, ముక్కు ఆకాశం వైపు పెట్టి నిలబడే ఆ విమానం దాదాపు తొంభై ఏళ్ల తర్వాత కూడా అక్కడక్కడా ఎగురుతూనే ఉంది. ఎగరడం మానేసిన ఒక డకోటాను మళ్లీ ఎగిరేలా చేయడానికి ఏ పని తర్వాత ఏ పని చేయాలో ఇక్కడ రాస్తున్నాను. ఇదంతా లైసెన్సు ఉన్న ఇంజనీర్ల పర్యవేక్షణలో జరగాల్సిన పని. అయితే డబ్బు పెట్టేవాళ్లకూ, వాలంటీర్లుగా చేయి వేసేవాళ్లకూ మొత్తం దారి తెలిసి ఉండాలి.

ఏ విమానం, ఎందుకు

పాత ప్రొపెల్లర్ విమానాల్లో లాక్‌హీడ్ సూపర్ కాన్‌స్టెలేషన్ అందం వేరు. కానీ ఒక్కో రెక్క మీద రెండేసి ఇంజన్లు, ఒక్కో ఇంజన్‌కు 18 సిలిండర్లు, పొగ గొట్టాల్లోంచి పోయే వేడి గాలితో తిరిగే మూడు టర్బైన్లు, పైగా గాలి పీడనం నింపే క్యాబిన్. జర్మనీ విమాన సంస్థ లుఫ్తాన్సా వాళ్లు 2007లో అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో ఆ కుటుంబానికే చెందిన స్టార్‌లైనర్లు మూడింటిని వేలంలో కొని, ఒకదాన్ని ఎగిరించాలని పదేళ్లు పని చేయించారు. విడిభాగాలెన్నో కొత్తగా తయారు చేయించారు. అంత పెద్ద సంస్థ కూడా 2018లో ఆపేసి, విమానాన్ని విప్పి జర్మనీకి తరలించింది. అలాగని అది అసాధ్యం కాదు. ఆస్ట్రేలియాకు చెందిన హార్స్ సంస్థ వాలంటీర్లు అరిజోనా ఎడారిలో పడి ఉన్న ఒక కాన్‌స్టెలేషన్‌ను బాగుచేసుకుని 1996లో ఎగిరించుకుంటూ తమ దేశానికి తెచ్చుకున్నారు.

చిన్న బృందానికి మాత్రం నేను డకోటానే చెబుతాను. 1935 డిసెంబర్ 17న మొదటిసారి ఎగిరిన ఈ డిజైన్‌లో సైనిక రూపాలే పదివేలకు పైగా తయారయ్యాయి. అందుకే విడిభాగాలు, మాన్యువల్స్, దాన్ని ఎరిగిన మెకానిక్‌లు ఇంకా దొరుకుతారు. క్యాబిన్‌లో పీడనం నింపరు కాబట్టి ప్రతి ప్రయాణానికీ ఒళ్లు ఉబ్బి తగ్గే బాధ దీనికి లేదు. రెక్కలోని బలమంతా ఒకే స్పార్ (రెక్క లోపలి ప్రధాన దూలం) మీద పడకుండా అనేక గదుల పెట్టెలా కట్టారు.

ఇంకో ప్రశ్న కూడా ముందే వేసుకోండి: ఇది నిజంగా ఎగరాలా? బిజూ పట్నాయక్ డకోటాను 2023లో ముక్కలుగా విప్పి కోల్‌కతా నుంచి రోడ్డు మీదుగా భువనేశ్వర్ తెచ్చి ప్రదర్శనకు నిలబెట్టారు. అది గౌరవమైన దారి. ఎగరాలంటే బలహీనపడ్డ రేకును కోసి కొత్తది వేయాలి. అంటే చరిత్రను కొంత చెత్తబుట్టలో వేయక తప్పదు. లోకంలో ఒకటో రెండో మిగిలిన రకమైతే దాన్ని ముట్టుకోకుండా మ్యూజియంలో పెట్టడమే నాకు సరైనదనిపిస్తుంది.

కొనే ముందు రెండు రోజులు

బేరం కుదిరాక తనిఖీ చేయడం పెద్ద తప్పు. తనిఖీ ఖర్చు పెట్టుకుని, నచ్చకపోతే వెనక్కి రావడానికి సిద్ధపడే వెళ్లండి. టార్చి, చిన్న అద్దం, బోరోస్కోప్ (సందుల్లోకి దూర్చి చూసే సన్నటి కెమెరా గొట్టం), ఒక సూది మొన పరికరం చాలు. రంగు మెరుపు చూడొద్దు, పొట్ట కింద పడుకుని చూడండి. అల్యూమినియం ఇనుములా ఎర్రగా తుప్పు పట్టదు. తెల్లటి పొడిలా, రంగు కింద పొక్కుల్లా, ముదిరితే పేజీలు విడిపోయిన తడి పుస్తకంలా పొరలు పొరలుగా లేస్తుంది. మెకానిక్‌లు దీన్ని కరోజన్ అంటారు. తడి ఎక్కడ చేరుతుందో అక్కడ వెతకండి: టాయిలెట్, వంట సామాను పెట్టిన చోటు అడుగు భాగం, బ్యాటరీ పెట్టె చుట్టూ, కిటికీల కింద, తోక చక్రం దగ్గర, ఉక్కు బోల్టు అల్యూమినియాన్ని తాకే ప్రతి చోటా.

అన్నిటికంటే ముఖ్యం రెక్క అతుకు. డకోటా రెక్క మధ్య భాగం ఒంటిలో భాగంగా ఉంటుంది. బయటి రెక్కలు దానికి వందల బోల్టులతో బిగించి ఉంటాయి. ఆ వరుస పొడవునా ఉండే యాంగిల్స్‌లో (ఎల్ ఆకారపు లోహపు పట్టీల్లో) పగుళ్లు, కరోజన్ ఉన్నాయా అన్నదే ఈ ప్రాజెక్టు బతుకుతుందా లేదా తేలుస్తుంది. కంటితో చూస్తే సరిపోదు, విద్యుత్ ప్రవాహంతో దాగిన పగుళ్లు పట్టే ఎడ్డీ కరెంట్ పరీక్షో ఎక్స్‌రేనో చేయించండి. ఇక్కడ చెడ్డ వార్త వస్తే ఇంజన్లు కొత్తవైనా సరే, ఆ విమానాన్ని వదిలేయమనే నా సలహా.

ఎడారిలో నిలిచినవాటికి కరోజన్ తక్కువ. కానీ ఎండకు రబ్బరు, గుడ్డ చచ్చిపోయి ఉంటాయి. రెక్కల లోపల పక్షులు గూళ్లు కట్టి ఉంటాయి. రెట్టలు, ఎలుకల మూత్రం అల్యూమినియాన్ని ఉప్పునీటిలాగే తింటాయి. విశాఖ లాంటి సముద్రపు గాలిలో ఏళ్ల తరబడి ఆరుబయట నిలిచినదైతే మరింత అనుమానంగా చూడాలి.

కాగితాలు లేని విమానం లోహపు కుప్ప

ఈ మాట కఠినంగా ఉన్నా నిజం. తయారీ ఫలకం, లాగ్‌బుక్‌లు, పెద్ద రిపేర్ల రికార్డు, ఎప్పటికప్పుడు వచ్చిన తప్పనిసరి తనిఖీ ఆదేశాలు పాటించినట్లు రుజువులు కావాలి. ఇంజన్‌కు, ఒక్కో ప్రొపెల్లర్‌కు వేర్వేరు పుస్తకాలు ఉంటాయి. పెట్టే ప్రతి భాగానికీ దాని పుట్టుపూర్వోత్తరాలు చెప్పే ట్యాగ్ ఉండాలి. పాత సైనిక గోదాముల్లోంచి నూనె కాగితంలో చుట్టి వచ్చిన భాగం చూడ్డానికి కొత్తగా ఉన్నా, అధీకృత వర్క్‌షాప్ పరీక్షించి సంతకం పెట్టేదాకా అది బరువు మాత్రమే.

పని మొదలుపెట్టే ముందే రిజిస్ట్రేషన్ ఏ దేశంలోనో నిర్ణయించుకుని, అక్కడి అధికారులతో కూర్చుని ప్రణాళిక చూపించండి. మన దగ్గర అది పౌర విమానయానాన్ని నియంత్రించే డీజీసీఏ. వాళ్లు ఒప్పుకోని పద్ధతిలో చేసిన రిపేరును మళ్లీ విప్పి చేయాల్సి వస్తుంది. అన్నీ మన దేశంలోనే చేయాలని పట్టుబట్టాల్సిన పనీ లేదు. 1947 అక్టోబర్ 27న శ్రీనగర్‌కు సిక్కు దళాన్ని దింపిన డకోటాల్లో ఒకదాని నంబరు వీపీ905. ఆ నంబరు, పరశురామ అనే పేరు పెట్టుకుని 2018 మే 4న హిండన్‌లో వైమానిక దళంలో చేరిన డకోటాను బ్రిటన్‌లో బాగుచేశారు. డకోటాలు నడిపిన ఎయిర్ కమొడోర్ ఎం.కె. చంద్రశేఖర్ కుమారుడు రాజీవ్ చంద్రశేఖర్ దాన్ని కొని, బాగుచేయించి దళానికి కానుకగా ఇచ్చారు. అది ఏప్రిల్‌లో కోవెంట్రీలో లేచి, మజిలీలు చేసుకుంటూ తన ఇంజన్ల మీదే జామ్‌నగర్ చేరింది.

విప్పేటప్పుడు

రెక్కలు ఈ కొస నుంచి ఆ కొసకు 95 అడుగులు. అవి పెట్టినా చుట్టూ మనిషి తిరగగలిగే హ్యాంగర్ కావాలి. పైకప్పు కారకూడదు.

మొదటి వారం ఫొటోలకే ఇవ్వండి. ప్రతి ప్యానెల్ తీసేముందు, తీశాక. ప్రతి స్క్రూ సంచిలో, సంచి మీద పేరు, తేదీ. నాలుగేళ్ల తర్వాత బిగించేటప్పుడు విప్పిన మనిషి అక్కడ ఉండకపోవచ్చు. తర్వాత శుభ్రం చేయడం: పాత సౌండ్‌ప్రూఫింగ్, నేల పలకలు, వైర్లు అన్నీ తీసి ఒంటిని ఎముకల దాకా చూడాలి. రంగు తీయడానికి ఇసుక కొట్టొద్దు. పల్చటి రేకు వంగిపోతుంది. పైన స్వచ్ఛమైన అల్యూమినియం పూత కూడా పోతుంది. ఆల్‌క్లాడ్ అనే ఆ పల్చటి పొరే లోపలి బలమైన మిశ్రమాన్ని కాపాడేది. అద్దంలా మెరవాలని ఏటా పాలిష్ పట్టేవాళ్లు కూడా ఆ పొరను కొంచెం కొంచెంగా అరగదీస్తున్నారని గుర్తుంచుకోవాలి.

ఈ దశలో బడ్జెట్ మారుతుంది. మారనివ్వండి. మొదట వేసిన లెక్క తప్పవుతుందని భయపడి చూసినదాన్ని చూడనట్టు ఉండటం ప్రాణాల మీదికి తెస్తుంది. 2018 ఆగస్టులో స్విట్జర్లాండ్‌లో పాత యుంకర్స్ జేయూ-52 కూలి 20 మంది చనిపోయారు. ప్రమాదానికి కారణం పైలట్లు ప్రమాదకరంగా నడపడమేనని దర్యాప్తు తేల్చింది. అయినా శకలాల్లో ఎవరూ గమనించని పగుళ్లు, కరోజన్ కూడా బయటపడ్డాయి. అంతకాలం అవి లోపల ఉండగానే ఆ విమానం ఎగిరిందన్నది నన్ను ఇప్పటికీ కలవరపెడుతుంది.

రేకు పని

ఎక్కువ గంటలు తినేది ఇదే. ఆనందం ఇచ్చేది కూడా ఇదే.

ఒకేసారి ఎక్కువ రేకులు విప్పకండి. రేకు తొడుగు అలంకారం కాదు, ఒంటి బరువును అదీ మోస్తుంది. చాలా చోట్ల తీసేస్తే ఒళ్లు మెలి తిరిగిపోతుంది, కొత్త రేకు రంధ్రాలు కలవవు. కింద ఒంటి వంపుకు తగిన ఊతలు పెట్టి, ఒక్కో చోటు తీసి, అది వేశాక పక్కది ముట్టుకోండి. తీసిన పాత రేకునే నమూనాగా పెట్టి కొత్తదాని మీద రంధ్రాలు గుర్తించుకోవచ్చు. అప్పట్లో 24ఎస్‌టీ అన్న మిశ్రమాన్ని ఇప్పుడు 2024-టీ3 పేరుతో అమ్ముతారు. మందం మాన్యువల్ చెప్పినంతే ఉండాలి. బలంగా ఉంటుందని మందం పెంచితే బరువంతా పక్క రేకు అంచు మీద పడి పగులు అక్కడ మొదలవుతుంది.

రేకులను కలిపి బిగించే లోహపు మేకులైన రివెట్ల లెక్కలు కంఠతా రావాలి. రంధ్రం మధ్య నుంచి రేకు అంచుకు దూరం కనీసం రివెట్ వ్యాసానికి రెండింతలు. కొట్టే ముందు బయటికి ఉండాల్సిన కాడ వ్యాసానికి ఒకటిన్నర రెట్లు. కొట్టాక ఏర్పడే తల వెడల్పు ఒకటిన్నర రెట్లు, ఎత్తు సగం. బయట గన్ పట్టుకునేవాళ్లు ఒకరు, లోపల బరువైన ఉక్కు దిమ్మ ఆనించేవాళ్లు ఇంకొకరు. ఆ చప్పుడులో మాట వినిపించదు కాబట్టి దిమ్మతో రేకు మీద తట్టి చెప్పుకుంటారు: ఒకసారి తడితే ఇంకొంచెం కొట్టు, రెండుసార్లయితే బాగుంది, మూడుసార్లయితే చెడింది, తీసేయాలి. ఒక జత నెల రోజులు కలిసి పని చేస్తే చేతులే మాట్లాడుకుంటాయి. వాలంటీర్లను రోజుకో జతగా మార్చకండి.

కొన్ని గట్టి రివెట్లను వేడి చేసి చల్లార్చాక మెత్తగా ఉన్నప్పుడే కొట్టాలి. 2024 రకానికి గది వేడిలో పది ఇరవై నిమిషాల గడువే ఉంటుంది. అందుకే వాటిని ఫ్రీజర్‌లో దాచి, కొట్టే ముందు కొన్నే తీసుకుంటారు. గడువు దాటినదాన్ని కొడితే తల పగులుతుంది.

రేకు వేసే ముందు రెండు ముఖాలకూ కరోజన్ నిరోధక శుద్ధి, ప్రైమర్ తప్పనిసరి. పాత ఆకుపచ్చ-పసుపు జింక్ క్రోమేట్ ప్రైమర్‌ను గీకేటప్పుడు మాస్కు లేకుండా ఎవరినీ దగ్గరికి రానివ్వకండి. ఆ పొడి కేన్సర్ తెస్తుంది.

గుడ్డ తొడిగిన భాగాలు

ఇంత పెద్ద లోహపు విమానంలో విమానాన్ని అదుపు చేసే కదిలే పలకలకు, అంటే రెక్కల మీది ఎయిలెరాన్లు, తోక మీది ఎలివేటర్లు, రడ్డర్‌కు మాత్రం గుడ్డ తొడుగు ఉంటుందంటే కొత్తవాళ్లు నమ్మరు. అప్పట్లో నూలు వస్త్రం, ఇప్పుడు పాలిస్టర్ వాడుతున్నారు. చట్రానికి అంటించి, ఇస్త్రీపెట్టెతో ముందు 120 డిగ్రీల సెల్సియస్, తర్వాత 175 దగ్గర బిగిస్తారు. అంతకు మించితే గుడ్డ బలం పోతుంది. ఇంట్లో ఇస్త్రీపెట్టె మీద రాసి ఉన్న అంకెను నమ్మకుండా థర్మామీటర్‌తో సరిచూసుకోవాలి. ఆ పైన పక్కటెముక పక్కటెముకకూ దారంతో కుట్టు, ముడి. ఓపిక, చేతిలో నైపుణ్యం ఉంటే మన చేనేత ఊళ్ల వాళ్లు తేలిగ్గా నేర్చుకోగల పని ఇది. రంగు వేశాక తప్పకుండా బ్యాలెన్స్ చూడాలి. రంగు బరువు కొంచెం వెనక్కి జరిగినా వేగంలో ఆ భాగం కొట్టుకోవడం మొదలుపెట్టి విరిగిపోవచ్చు.

ఇంజన్లు

సీ-47లో ఉండేది ప్రాట్ అండ్ విట్నీ ఆర్-1830. రెండు వరుసల్లో ఏడేసి, మొత్తం 14 సిలిండర్లు, 28 స్పార్క్ ప్లగ్‌లు, 1,200 హార్స్‌పవర్. ప్రపంచంలో ఎక్కువ సంఖ్యలో తయారైన విమాన ఇంజన్లలో ఇదొకటి కాబట్టి ఇప్పటికీ ఓవర్‌హాల్ (పూర్తిగా విప్పి బాగుచేయడం) చేసే షాపులు ఉన్నాయి.

చాలా ఏళ్లు కదలని ఇంజన్‌ను అక్కడికక్కడ స్టార్ట్ చేసి చూడాలన్న కోరికను చంపుకోండి. నక్షత్రంలా అమర్చిన సిలిండర్లలో కింది వాటిలోకి నూనె దిగి నిలుస్తుంది. ద్రవం నలగదు. స్టార్టర్ తిప్పితే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. అది అప్పుడే విరగదు, ఎప్పుడో గాల్లో విరుగుతుంది. దీన్నే హైడ్రాలిక్ లాక్ అంటారు. రోజూ ఎగిరే విమానానికి కూడా స్టార్ట్ చేసే ముందు ప్రొపెల్లర్‌ను చేత్తో పలుమార్లు తిప్పేది ఇందుకే. తిప్పుతుంటే గట్టిగా ఆగితే బలం పెట్టకూడదు, వెనక్కీ తిప్పకూడదు. కింది ప్లగ్‌లు విప్పి నూనె కార్చేయాలి.

నిజాయితీగా చెప్పాలంటే, లాగ్‌బుక్‌లో ఓవర్‌హాల్ నుంచి గంటలు తక్కువే ఉన్నా, ఇరవై ఏళ్లు నిలిచిన ఇంజన్‌ను ఓవర్‌హాల్‌కు పంపడమే మంచిది. లోపల క్యామ్, బేరింగ్‌లు, సిలిండర్ గోడలు తుప్పు పట్టి ఉంటాయి. బోరోస్కోప్‌కు అన్నీ అందవు. డబ్బు సరిపోదనుకుంటే ఒక ఏడాది ఆగండి. సీటు కవర్లు, రంగు, బయట రాసే పేరు తర్వాత చూసుకోవచ్చు. ఓవర్‌హాల్ షాప్ టెస్ట్ స్టాండ్ మీద నడిపి ఇచ్చిన ఇంజన్‌ను, విమానం సిద్ధం కాకపోతే బిగించకండి. లోపల ప్రిజర్వేటివ్ నూనె, తేమ పీల్చే ప్లగ్‌లతో మూసి దాచండి. కొత్త ఇంజన్ హ్యాంగర్‌లో కూర్చుని మళ్లీ పాతబడటం చాలా ప్రాజెక్టుల్లో జరుగుతుంది.

ఆయిల్ ట్యాంకులు, కూలర్లు కూడా విప్పి కడగాలి. పాత ఇంజన్ వదిలిన లోహపు రజను కూలర్ గొట్టాల్లో దాగి కొత్త ఇంజన్‌లోకి వస్తుంది. ప్రొపెల్లర్లను మాత్రం పూర్తిగా అధీకృత షాపుకే వదిలేయండి.

మిగతా వ్యవస్థలు

రబ్బరుతో చేసిన ప్రతిదీ కొత్తది: ఇంధనం, నూనె, హైడ్రాలిక్ గొట్టాలు, సీళ్లు. గుడ్డ తొడుగున్న పాత వైర్లు పూర్తిగా మార్చండి. కంట్రోల్ కేబుళ్లను పుల్లీలు తిరిగే చోట గుడ్డ పెట్టి రుద్దితే తెగిన పోగు గుడ్డను పట్టుకుంటుంది. చేత్తో రుద్దొద్దు. విమానాన్ని జాకీల మీద లేపి ల్యాండింగ్ గేర్‌ను ఒకటి రెండుసార్లు కాదు, పదుల సార్లు ఎత్తి దించండి. లాక్ పడిందో లేదో చూపే లివర్లు ప్రతిసారీ ఒకేలా పడాలి. చివర్లో మూడు చక్రాల కింద తూకాలు పెట్టి బరువు, బరువు కేంద్రం లెక్కగట్టండి. దశాబ్దాల రిపేర్ల తర్వాత పాత లెక్క చెల్లదు.

మొదటి స్టార్ట్

అగ్నిమాపక పరికరాలతో ఇద్దరు బయట నిలబడాలి. స్పార్క్ ప్లగ్‌లు తీసి, బయటి పంపుతో నూనెను ఒత్తిడితో ఎక్కించి, ప్లగ్‌లు లేకుండానే తిప్పి గేజ్‌లో ఆయిల్ ప్రెషర్ చూడండి. తర్వాత ప్లగ్‌లు బిగించి అసలు స్టార్ట్. 30 సెకన్లలో ఆయిల్ ప్రెషర్ రాకపోతే వెంటనే ఆపేయాలి. తెల్లటి పొగ మేఘం కమ్మేస్తుంది, కంగారు పడొద్దు, అది దాచేటప్పుడు లోపల పోసిన ప్రిజర్వేటివ్ నూనె కాలడం. వెయ్యి ఆర్‌పీఎం దగ్గర ఉంచి, ఆయిల్ 40 డిగ్రీలు, సిలిండర్ హెడ్‌లు 120 డిగ్రీలు చేరేదాకా ఆగండి. మొదటి రన్ కొన్ని నిమిషాలే. ఆపి, ఆయిల్ స్క్రీన్లు (నూనె వడపోసే జల్లెడలు) విప్పి చూసి, కారే చోట్లు తుడిచి, మళ్లీ. ఈ చక్రం వారాలు నడుస్తుంది.

తొలి ఫ్లైట్

ముందు టాక్సీ పరీక్షలు, అంటే నేల మీదే నడిపి చూడటం. డకోటాకు బరువు కేంద్రం ప్రధాన చక్రాల వెనక ఉంటుంది, కాబట్టి తోక పక్కకు జారితే ఇంకా జారాలనే చూస్తుంది. తోక చక్రం లాక్, రెండు బ్రేకులూ సమానంగా పట్టడం రన్‌వే మీద నెమ్మదిగా తేల్చుకోవాలి. 2018 జులైలో టెక్సస్‌లో ఒక సీ-47 టేకాఫ్ పరుగులోనే అదుపు తప్పి కాలిపోయింది. లోపలున్న 13 మందీ బతికి బయటపడ్డారు. ఈ రకం మీద ఇటీవల గంటలు ఉన్న కెప్టెన్‌నే తెచ్చుకోండి. ఏళ్ల తరబడి చెమటోడ్చిన వాలంటీర్ పైలటే అయినా, ఈ ఒక్క ఫ్లైట్ బహుమతిగా ఇవ్వకూడదు.

పొడవైన రన్‌వే, తేటైన ఉదయం, గాలి తక్కువ. లోపల అవసరమైన సిబ్బంది తప్ప ఎవరూ ఉండొద్దు. గేర్ ఎత్తకుండా, విమానాశ్రయం పైనే, ఇంజన్ ఆగినా తిరిగి దిగగలిగేంత దగ్గరలో తిరగాలి. అందరూ ఫొటోల కోసం ఎదురుచూస్తారు. తేదీ ముందే ప్రకటించకండి, ప్రకటిస్తే ఆ టెన్షన్‌లో తప్పుడు నిర్ణయాలు జరుగుతాయి. రెండో ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్ తీరం మీద జరిగిన నార్మండీ దాడిలో ముందు వరుసలో ఎగిరిన సీ-47, 'దట్స్ ఆల్, బ్రదర్', అమెరికాలోని ఒష్‌కోష్‌లో టర్బైన్ ఇంజన్లు పెట్టి మార్చేసే వరుసలో నిలిచి ఉండగా చరిత్రకారులు గుర్తించారు. చందాలు పోగుచేసి బాగుచేస్తే అది 2018 జనవరి 31న మళ్లీ లేచింది. అట్లాంటిక్ దాటి వెళ్లి 2019 జూన్‌లో నార్మండీ మీద ఎగిరింది. ఆ రెండింటి మధ్య పదహారు నెలలున్నాయి.

తొలి ఫ్లైట్ దిగాక చప్పట్లు కొట్టుకోండి, ఏడవాలనిపిస్తే ఏడవండి. ఇంజన్లు చల్లారాక మాత్రం కౌలింగ్‌లు (ఇంజన్ పైతొడుగులు) విప్పాలి. ఆయిల్ స్క్రీన్ తీసి తెల్లటి గుడ్డ మీద దులిపి, ఎండలో పెట్టి చూడాలి. నల్లటి మసి ఉంటే ఫర్వాలేదు. అయస్కాంతానికి అంటుకునే రజను గానీ, మెరిసే పొరలు గానీ కనిపిస్తే రెండో ఫ్లైట్ లేదు, ఆ ఇంజన్ మళ్లీ దిగాల్సిందే.